నేర్చుకున్న పిల్లలు ఏమయ్యారు? – వృత్తి విద్యలో విద్యార్థుల లెక్కలు

ప్రతి సంవత్సరం సొసైటీల వార్షిక సంచికల్లో ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది: 'ఈ ఏడాది ఇంతమందికి టైలరింగ్‌లో, ఇంతమందికి కంప్యూటర్‌లో, ఇంతమందికి ఎలక్ట్రికల్ పనిలో శిక్షణ ఇచ్చాము.' ఆ అంకె చూసి మనమందరం సంతోషిస్తాం. అయితే ఆ అంకె మనకు చెప్పేది ఒక్కటే, తరగతి గదిలో ఎంతమంది కూర్చున్నారని. అందులో ఎంతమంది చివరిదాకా ఉన్నారు, ఎంతమంది చేతికి పని వచ్చింది, ఆ పనితో ఇంట్లో పొయ్యి వెలుగుతోందా అన్నది ఆ అంకెలో ఉండదు. దాత అడగదలచుకున్నదీ, తల్లిదండ్రులు తెలుసుకోవలసిందీ ఆ రెండో సంగతే.

వృత్తి విద్యకు సంబంధించిన విద్యార్థుల సమాచారాన్ని ఎలా సేకరించాలి, ఎలా సరిచూడాలి, ఎలా ప్రకటించాలి అన్నది ఇప్పుడు ఒక పెద్ద శాస్త్రంగా పెరిగింది. పెద్ద పెద్ద ప్రభుత్వాలు దీనికోసం చట్టాలే చేసుకున్నాయి. అందులో చిన్న శిక్షణ కేంద్రానికి కూడా పనికివచ్చే విషయాలు చాలా ఉన్నాయి. వాటిని మన సంచిక చదివేవారికి వీలైనంత తేలికగా వివరించాలన్నది ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

చట్టంగా మారిన లెక్క

ఈ విషయంలో ఎక్కువ అనుభవం ఉన్న దేశాల్లో అమెరికా ఒకటి. అక్కడ వృత్తి విద్యకు కేంద్ర ప్రభుత్వం నిధులివ్వడం 1917లో స్మిత్-హ్యూజ్ చట్టంతో మొదలైంది. వ్యవసాయం, చేతిపనులు–పరిశ్రమలు, గృహవిజ్ఞానం నేర్పే తరగతులకు అది సాయం చేసింది. తర్వాత 1984లో కెంటకీ రాష్ట్రానికి చెందిన పార్లమెంటు సభ్యుడు కార్ల్ పెర్కిన్స్ పేరు మీద కొత్త చట్టం వచ్చింది. దానిని 1990, 1998, 2006 సంవత్సరాల్లో తిరగరాశారు. ఇప్పుడు అమల్లో ఉన్నది 2018 జులైలో సంతకమైన ఐదవ రూపం. దీనికింద ఏటా 100 కోట్ల డాలర్లకు పైగా నిధులు రాష్ట్రాలకు వెళ్తాయి. అక్కడి నుంచి పాఠశాలలకు, కమ్యూనిటీ కళాశాలలకు చేరతాయి.

డబ్బు తీసుకున్నవారు లెక్క చెప్పాలి. ఎన్ని మిషన్లు కొన్నారు, ఎంతమంది టీచర్లకు జీతమిచ్చారు అన్న ఖర్చుల లెక్క ఒక్కటే చాలదు. చదివిన పిల్లలు ఏమయ్యారో కూడా చెప్పాలి. ప్రతి రాష్ట్రం ఏటా ఒక సమగ్ర నివేదికను కేంద్ర విద్యాశాఖకు పంపుతుంది. ఈ చట్టం నడిచిన తీరులో మనకు అన్నిటికంటే పెద్ద పాఠం మొదటి మెట్టులోనే ఉంది. ఎవరిని లెక్కపెట్టాలి అన్నదే ఆ మెట్టు.

ఎవరు విద్యార్థి?

2006 నాటి చట్టంలో 'వృత్తి విద్యపై దృష్టి పెట్టిన విద్యార్థి' అంటే ఎవరో ఒకే నిర్వచనం లేదు. ఏ రాష్ట్రానికారాష్ట్రం తనకు తోచినట్టు నిర్ణయించుకుంది. ఒకచోట రెండు కోర్సులు చదివితే లెక్కలోకి వచ్చేవారు, ఇంకోచోట మూడు చదవాలి. ఒక రాష్ట్రపు శాతాన్ని ఇంకో రాష్ట్రపు శాతంతో పోల్చడానికి వీలు లేకపోయింది. ఒకరు సేరుతో కొలిచి, ఇంకొకరు కిలోతో తూచి, ఎవరి ధాన్యం ఎక్కువో వాదించుకున్నట్టు ఉండేది.

2018 చట్టం ఈ చిక్కు తీర్చింది. ఒక్క కోర్సు పూర్తి చేసినవారిని 'పాల్గొన్నవారు' అంది. ఉన్నత పాఠశాలలో ఒకే వృత్తి కార్యక్రమంలో కనీసం 2 కోర్సులు పూర్తి చేసినవారిని 'నిలకడగా చదివినవారు' అంది. కళాశాల స్థాయిలో అయితే కనీసం 12 క్రెడిట్లు సంపాదించాలి, లేదా అంతకన్నా చిన్న కార్యక్రమమైతే దాన్ని పూర్తి చేయాలి. ఫలితాలను లెక్కించేది ఈ రెండో వర్గం మీదనే. సరదాకు ఒక తరగతిలో కూర్చుని వెళ్లినవారిని ఫలితాల్లో కలపరు. అలాగని వారిని మరిచిపోరు, వేరే గడిలో చూపిస్తారు.

ఇది మనకెందుకు? ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ఒక కేంద్రంలో ఏడాదిలో 60 మంది చేరారనుకుందాం. 45 మంది కోర్సు చివరిదాకా వచ్చారు. 36 మంది పరీక్ష ప్యాసయ్యారు. 27 మందికి పని దొరికింది. ఇప్పుడు 'మా కేంద్రంలో ఎంత శాతం మందికి పని దొరికింది?' అని అడిగితే జవాబు ఏమిటి?

ప్యాసైన 36 మందిలో చూస్తే 75 శాతం. పూర్తి చేసిన 45 మందిలో చూస్తే 60 శాతం. చేరిన 60 మందిలో చూస్తే 45 శాతం. పని దొరికిన మనుషులు అదే 27 మంది, శాతాలు మాత్రం మూడు. మూడూ నిజమే. కానీ కింద ఏ సంఖ్య పెట్టి భాగించామో చెప్పకుండా '75 శాతం' అని మాత్రమే అచ్చువేస్తే అది సగం నిజం అవుతుంది. మొదట్లో చేరి మధ్యలో ఆగిపోయిన 15 మంది ఆ అంకె వెనక కనపడకుండా పోతారు. వాళ్లు ఎందుకు మానేశారో తెలుసుకోవలసిన అవసరం అందరికన్నా మనకే ఎక్కువ. బస్సు చార్జీ లేకనా, పెళ్లి కుదిరా, ఇంట్లో పెద్దవాళ్లకు జబ్బు చేసా, లేక మనం నేర్పిన తీరు నచ్చకనా?

కాబట్టి రిజిస్టరు తెరిచే రోజే నాలుగు మాటలకు అర్థం రాసి పెట్టుకోవాలి: చేరినవారు, చదువుతున్నవారు, పూర్తి చేసినవారు, ప్యాసైనవారు. ఎన్ని రోజులు వరుసగా రాకపోతే మానేసినట్టు, ఎంత హాజరు ఉంటే పూర్తి చేసినట్టు అన్నది ముందే తేల్చాలి. ఏడాది చివర అంకెలు చూశాక అర్థాలు మార్చుకోకూడదు.

ఏ ఫలితాన్ని అడగాలి?

అమెరికా చట్టం ఉన్నత పాఠశాల విద్యార్థుల విషయంలో కొన్ని కొలమానాలు పెట్టింది. స్కూలు చదువు పూర్తిచేశారా? భాషలో, గణితంలో, సైన్సులో తగిన స్థాయికి వచ్చారా? చదువు ముగిశాక ఏం చేస్తున్నారు? వీటితోపాటు కార్యక్రమం నాణ్యతను చూపే మరో కొలమానాన్ని రాష్ట్రం ఎంచుకోవాలి. గుర్తింపు ఉన్న సర్టిఫికెట్ సంపాదించడం, కళాశాల క్రెడిట్లు ముందుగానే పొందడం, పని జరిగే చోటికే వెళ్లి నేర్చుకోవడం అన్న మూడింటిలో కనీసం ఒకటి ఉండాలి.

ఇందులో రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది, చేతిపని నేర్చుకునే పిల్లవాడికి లెక్కలూ భాషా వచ్చాయా అని కూడా చట్టం అడుగుతోంది. పనిలో పడ్డవాడికి చదువెందుకు అన్న మాట మన ఇళ్లలో ఇంకా వినిపిస్తుంది. కొలత టేపు మీద అంగుళాలు, సెంటీమీటర్లు చదవలేని వ్యక్తి కటింగ్ మాస్టర్ కాలేడు. వైరింగ్ పటం అర్థం కానివాడు జీవితాంతం హెల్పర్‌గానే ఉండిపోతాడు.

రెండవది, చదువు ముగిశాక ఏం చేస్తున్నారన్న ప్రశ్నను కోర్సు అయిన మర్నాడు అడగరు. విద్యార్థి బయటికి వెళ్లిన తర్వాత రెండవ త్రైమాసికంలో, అంటే సుమారు ఆరు నెలల సమయానికి చూస్తారు. అప్పటికి పై చదువులోనో, మరింత శిక్షణలోనో, సైన్యంలోనో, జాతీయ సేవలోనో, ఉద్యోగంలోనో ఉంటే మంచి ఫలితంగా లెక్క. పై చదువుకు వెళ్లినా అది వైఫల్యం కాదు. ఇది న్యాయమైన పద్ధతి. టైలరింగ్ నేర్చుకున్న అమ్మాయి ఇంటర్ తర్వాత డిగ్రీలో చేరితే ఆమెను 'పని దొరకనివారి' గడిలో వేయడం తప్పు.

మన దేశంలో కూడా ఇటువంటి నియమాలు ఉన్నాయి. ఐటిఐలకు ఆధారమైన క్రాఫ్ట్స్‌మన్ శిక్షణ పథకం 1950లో మొదలైంది. చాలాకాలం అక్కడ ప్రధానమైన లెక్క సీట్లు, ప్రవేశాలు, పరీక్ష ఫలితాలు. తర్వాత వచ్చిన నైపుణ్య పథకాలు 'పని దొరికిందా' అన్న ప్రశ్నను నిబంధనల్లోనే చేర్చాయి. మైనారిటీ వ్యవహారాల మంత్రిత్వశాఖ 2013లో ప్రారంభించిన 'సీఖో ఔర్ కమావో' పథకంలో శిక్షణ పొందినవారిలో కనీసం 75 శాతం మందికి పని చూపాలని, అందులో కనీసం సగం సంఘటిత రంగంలో ఉండాలని షరతు పెట్టారు. 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో మూడు నెలలు నిలబడి పనిచేస్తేనే ఉద్యోగం దొరికినట్టు లెక్క. ఆ పథకంలో ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం, మైనారిటీలకు 15 శాతం, మహిళలకు 33 శాతం కేటాయింపు ఉంది. ఆ వాటా నిండిందో లేదో తెలియాలన్నా విద్యార్థుల వివరాలు సరిగా ఉండాల్సిందే.

సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

ఫలానా అమ్మాయి పని చేస్తోందని ఎలా తెలుస్తుంది? అమెరికాలో రాష్ట్రాల దగ్గర నిరుద్యోగ బీమా కోసం యజమానులు మూడు నెలలకొకసారి ఇచ్చే జీతాల వివరాలుంటాయి. చాలాచోట్ల విద్యార్థుల జాబితాను వాటితో సరిపోల్చి ఎవరికి జీతం వస్తోందో చూస్తారు. ఫోను చేసి అడగనక్కర్లేదు. అయితే అందులో పెద్ద ఖాళీ ఉంది. సొంతంగా పని చేసుకునేవారు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, సైనికులు ఆ రికార్డుల్లో ఉండరు. పక్క రాష్ట్రానికి వెళ్లినవారు ఈ రాష్ట్రపు రికార్డులో కనపడరు. అందుకే సర్వే పద్ధతిని కూడా జోడిస్తారు.

మన దగ్గర ఆ ఖాళీ ఇంకా పెద్దది. కంపెనీలో చేరిన పిల్లవాడికి పిఎఫ్ నంబరు, ఈఎస్ఐ కార్డు, బ్యాంకులో జీతం ఉంటాయి. వాటిలో ఏదో ఒకటి సాక్ష్యంగా సరిపోతుంది. కానీ మన కేంద్రాల్లో మిషన్ నేర్చుకున్న ఆడపిల్లల్లో ఎక్కువమంది ఏ కంపెనీలోనూ చేరరు. ఇంటి వసారాలో మిషన్ వేసుకుని వీధిలోవాళ్ల జాకెట్లు కుడతారు, ఫాల్ వేస్తారు, పండుగ ముందు రాత్రిళ్లు కూర్చుని పిల్లల బట్టలు కుడతారు. జీతం రసీదు లేదు, పిఎఫ్ లేదు. కాగితం ఉంటేనే పని అనుకునే లెక్కలో ఆమె నిరుద్యోగి. ఇంట్లోవాళ్లను అడిగినా 'ఏం పని లేదండి, ఇంట్లోనే ఉంటుంది' అనే జవాబు వస్తుంది. ఆమె కష్టాన్ని ఇంట్లోవాళ్లే పనిగా చూడకపోతే రిజిస్టరులో ఎలా ఎక్కుతుంది?

అందువల్ల ప్రశ్న అడిగే తీరు ముఖ్యం. 'ఉద్యోగం చేస్తున్నావా?' అని అడిగితే 'లేదు' అంటుంది. 'నిరుడు పండుగ నుంచి ఎవరికైనా బట్టలు కుట్టావామ్మా? పోయిన నెల ఎన్ని జాకెట్లు కుట్టావు? ఒక్కోదానికి ఎంత తీసుకుంటున్నావు?' అని అడిగితే అసలు సంగతి బయటికి వస్తుంది. ఆ ఆదాయం ఎవరి చేతికి వెళ్తోందన్నది కూడా సున్నితంగా తెలుసుకోవచ్చు. ఇలాంటి ప్రశ్నలు ఒక మహిళా కార్యకర్త అడిగితేనే సరైన జవాబు వస్తుంది.

ఏసీ మెకానిక్, వెల్డింగ్, ప్లంబింగ్ నేర్చుకున్న కుర్రవాళ్ల సంగతి వేరు. వారిలో కొందరు గల్ఫ్ దేశాలకు వెళ్తారు. ఇక్కడి ఏ రికార్డులోనూ వారి జీతం కనపడదు. వెళ్లినవాడు నేర్చుకున్న పనిలోనే ఉన్నాడా, లేక చెప్పిన పని ఒకటి, చేయిస్తున్న పని ఇంకొకటా అన్నది కుటుంబాన్ని అడిగితేనే తెలుస్తుంది. ఒక కోర్సు చదివినవారిలో చాలామంది వేరే పనుల్లో తేలుతున్నారంటే ఆ కోర్సు గురించి మళ్లీ ఆలోచించాలన్నమాట.

ఒకే మనిషి, నాలుగు పేర్లు

విద్యార్థుల సమాచారంలో ఎక్కువ తప్పులు పేర్ల దగ్గరే జరుగుతాయి. మన కుటుంబాల్లో ఈ సమస్య ఇంకాస్త ఎక్కువ. పదో తరగతి మెమోలో షేక్ ముందు ఉంటుంది, ఆధార్‌లో చివర ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఒక్క అక్షరంగా మిగులుతుంది. మహమ్మద్, మొహమ్మద్, మహ్మద్ అన్నవి తెలుగులోనే మూడు రకాలు, ఇంగ్లిష్ అక్షరాల్లో ఇంకా ఎక్కువ. ఒకే తరగతిలో షేక్ ఇంటిపేరుతో, ఒకే పేరుతో ముగ్గురు అమ్మాయిలు ఉండడం వింత కాదు. పెళ్లయ్యాక తండ్రి పేరు ఉన్నచోట భర్త పేరు వస్తుంది, ఊరు మారుతుంది, ఫోను నంబరు మారుతుంది. అసలు ఇచ్చిన నంబరే అన్నయ్యది అయి ఉంటుంది.

దీనివల్ల రెండు నష్టాలు. ఒకే విద్యార్థి రెండుసార్లు లెక్కలోకి రావచ్చు. లేదా చదివిన అమ్మాయి, పని చేస్తున్న అమ్మాయి ఒకరేనని తెలియక 'ఆచూకీ లేదు' అని రాయవలసి రావచ్చు. ఇంతకన్నా పెద్ద నష్టం విద్యార్థికి జరుగుతుంది. సర్టిఫికెట్ మీద పేరు ఆధార్ మీద పేరుతో కలవకపోతే స్కాలర్‌షిప్ ఆగుతుంది, పాస్‌పోర్టు దగ్గర చిక్కు వస్తుంది.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. చేరిన రోజే ప్రతి విద్యార్థికీ కేంద్రం ఒక సొంత నంబరు ఇవ్వాలి. ఆ నంబరు మారకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. పేరును పదో తరగతి మెమోలో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా రాయాలి. మెమో లేనివారికి ఆధార్‌లో ఉన్నట్టు రాయాలి. పుట్టిన తేదీ, తల్లి పేరు, తండ్రి పేరు చేర్చాలి. ఫోను నంబర్లు రెండు తీసుకోవాలి, ఒక్కోటీ ఎవరిదో పక్కన రాయాలి. తల్లి నంబరు ఉంటే మంచిది. కూతురు అత్తవారింటికి వెళ్లినా తల్లికి ఆమె సంగతి తెలుస్తుంది.

విడదీసి చూస్తేనే అసలు బొమ్మ

మనం పైన చెప్పుకున్న ఉదాహరణకే తిరిగి వద్దాం. పూర్తి చేసిన 45 మందిలో 27 మందికి పని దొరికింది, 60 శాతం. ఫరవాలేదు అనిపిస్తుంది. ఇప్పుడు ఆ 45 మందిలో 17 మంది అబ్బాయిలు, 28 మంది అమ్మాయిలు అనుకుందాం. పని దొరికిన 27 మందిలో 14 మంది అబ్బాయిలు, 13 మంది అమ్మాయిలు. అంటే అబ్బాయిల్లో 82 శాతం మందికి పని దొరికితే, అమ్మాయిల్లో 46 శాతం మందికే దొరికింది. 60 అన్న సగటు ఈ తేడాను పూర్తిగా కప్పేసింది.

పెర్కిన్స్ చట్టం అందుకే ప్రతి ఫలితాన్నీ విడదీసి చూపమంటుంది. స్త్రీలు–పురుషులు, జాతి వర్గాలు మాత్రమే కాదు. వికలాంగులు, పేద కుటుంబాల పిల్లలు, ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్న తల్లులు లేదా తండ్రులు, ఇంగ్లిష్ రానివారు, ఇల్లు లేనివారు, పెంపుడు సంరక్షణలో ఉన్నవారు మొదలైన వర్గాలను పేరుపెట్టి అడుగుతుంది. ఏ వర్గానికి మిగతావారికీ మధ్య దూరం ఎక్కువగా ఉందో, దాన్ని తగ్గించడానికి ఏం చేయబోతున్నారో కూడా రాయాలి. అంతేకాదు, ఒక వృత్తిలో స్త్రీలుగానీ పురుషులుగానీ 25 శాతం కన్నా తక్కువ ఉంటే అది ఆ తక్కువ ఉన్నవారికి 'అలవాటు లేని రంగం' అని లెక్క. అటువంటి రంగాల్లో ఎంతమంది చేరుతున్నారన్నది ఒక ప్రత్యేక కొలమానం.

మన దగ్గర 'ముస్లిం విద్యార్థులు' అని ఒకే గడి పెట్టడం అలవాటు. కానీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో దూదేకులవారు బిసి-బిలో ఉన్నారు, మరికొన్ని వర్గాలు బిసి-ఇలో ఉన్నాయి, మిగిలినవారిలో ఎక్కువమంది ఏ జాబితాలోనూ లేరు. స్కాలర్‌షిప్‌ల హక్కులు వేరు, చదువుల స్థితి వేరు. పట్నంలో ఉన్నవారికీ, పల్లెలో ఉన్నవారికీ, ఉర్దూ మీడియంలో చదివినవారికీ, తెలుగు మీడియంలో చదివినవారికీ అవకాశాలు ఒకలా లేవు. అన్నిటినీ కలిపి ఒక్క అంకెగా రాస్తే ఎవరికి సాయం అవసరమో తెలియదు. జస్టిస్ రాజిందర్ సచార్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 2006లో ఇచ్చిన నివేదికలో జాతీయ సమాచార నిధి ఒకటి ఏర్పాటు చేయాలని సిఫారసు చేసింది. వివిధ వర్గాల స్థితిగతులు విడివిడిగా తెలియకుండా న్యాయం చేయడం సాధ్యం కాదన్నది ఆ సిఫారసు వెనక ఉన్న ఆలోచన.

వివరాలు మన దగ్గర అమానతు

ఒక అమ్మాయి తన ఫోను నంబరు, ఆధార్, కుటుంబ ఆదాయం మనకు ఇచ్చిందంటే నమ్మి ఇచ్చిందన్నమాట. అది మన దగ్గర అమానతు. అడిగిన పనికే వాడాలి, ఇంకెవరికీ ఇవ్వకూడదు.

అమెరికాలో విద్యార్థుల రికార్డుల గోప్యతకు 1974 నుంచే చట్టం ఉంది. అక్కడి నివేదికల్లో ఇంకో జాగ్రత్త కూడా తీసుకుంటారు. ఒక గడిలో అంకె మరీ చిన్నదైతే ప్రకటించరు, ఆ చోట నక్షత్రం గుర్తు పెడతారు. చాలా రాష్ట్రాల్లో పది కన్నా తక్కువ ఉంటే ఈ పద్ధతి పాటిస్తారు. ఎందుకంటే 'ఎలక్ట్రికల్ కోర్సులో వికలాంగ అమ్మాయి ఒకరు, ఫెయిల్' అని రాస్తే పేరు రాయకపోయినా ఆమె ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుంది.

మన పార్లమెంటు కూడా 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. 18 ఏళ్లు నిండనివారిని ఆ చట్టం పిల్లలుగా లెక్కిస్తుంది. వారి వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలన్నది దాని సూత్రం. చట్టం సంగతి అటుంచినా, ఇది మర్యాద కూడా. దరఖాస్తు ఫారంలోనే 'ఈ వివరాలు ఇందుకు వాడతాము, కోర్సు తర్వాత మీకు ఫోను చేస్తాము' అని తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి సంతకం తీసుకోవాలి. ఆధార్ నకలు అవసరమైతే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుంది. విద్యార్థినుల నంబర్ల జాబితాను వాట్సాప్ గ్రూపుల్లో పంపకూడదు. సంచికలో ఫొటో వేయాలంటే విడిగా అడగాలి. ఫొటో వద్దన్న కారణంగా ఎవరికీ ఏ సాయమూ తగ్గకూడదు.

అంకె కోసం మనిషిని వదులుకోరాదు

లెక్కలకు ఒక చెడ్డ గుణం కూడా ఉంది. ఏ అంకె మీద నిధులు ఆధారపడతాయో ఆ అంకెను పెంచుకోవాలన్న ఆశ పుడుతుంది. పని దొరికిన శాతమే గొప్ప అనుకుంటే, పని తొందరగా దొరికేవారినే చేర్చుకోవాలనిపిస్తుంది. పదో తరగతి తప్పినవాడు, భర్త వదిలేసిన నలభై ఏళ్ల మహిళ, కాలు సరిగా లేని కుర్రవాడు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. అప్పుడు శాతం పెరుగుతుంది, పుణ్యం తరుగుతుంది. ఎవరికోసం కేంద్రం పెట్టామో వారే బయట మిగులుతారు. ఇందుకు మందు కూడా లెక్కలోనే ఉంది. ఎవరెవరిని చేర్చుకున్నామన్నది కూడా ఫలితం పక్కనే అచ్చువేస్తే, కష్టమైనవారిని చేర్చుకున్న కేంద్రం శాతం కాస్త తగ్గినా చదివేవారికి కారణం అర్థమవుతుంది.

పెర్కిన్స్ చట్టంలో ఈ విషయంలో ఒక వివేకం కనిపిస్తుంది. అనుకున్న లక్ష్యంలో 90 శాతమైనా చేరలేకపోతే వెంటనే నిధులు ఆపరు. ముందుగా ఎందుకు తగ్గిందో, ఏ వర్గం వెనకబడిందో విశ్లేషించి మెరుగుదల ప్రణాళిక రాయమంటారు. తక్కువ అంకెను దాచకుండా చెప్పినవారికి సరిదిద్దుకునే అవకాశం ఉంటుందన్నమాట. దాతలు కూడా ఇలాగే చూడాలని మా మనవి. 'పోయిన ఏడాదికన్నా తగ్గింది, కారణం ఇది' అని రాసిన కేంద్రం, ఏటా వంద శాతం అని రాసే కేంద్రం కన్నా ఎక్కువ నమ్మదగినది.

ఒక చిన్న కేంద్రం చేయగలిగింది

పెద్ద సాఫ్ట్‌వేరు అక్కర్లేదు. ఒక రిజిస్టరు, ఒక కంప్యూటర్ షీటు, బాధ్యత తీసుకునే ఒక మనిషి చాలు. ప్రతి విద్యార్థి గురించి నాలుగు సందర్భాల్లో రాసుకోవాలి.

చేరిన రోజు: కేంద్రం నంబరు, పేరు, పుట్టిన తేదీ, చదువు, కోర్సు, ఊరు, సామాజిక వర్గం, వికలాంగత ఉంటే ఆ సంగతి, కుటుంబానికి ఆధారమైన పని, రెండు ఫోను నంబర్లు, సమ్మతి సంతకం. ఇంతకుమించి అడగనక్కర్లేదు. వాడని వివరాన్ని సేకరించడం వృథా, దాచడం భారం.

చదువుతుండగా: రోజువారీ హాజరు. వరుసగా వారం రోజులు రాకపోతే ఎవరో ఒకరు ఇంటికి వెళ్లి అడగాలి, కారణం రాయాలి. ఏడాది చివర రాసే నివేదిక కన్నా ఈ ఒక్క పని ఎక్కువ మందిని తరగతిలో నిలబెడుతుంది.

పూర్తయిన రోజు: పరీక్ష ఫలితం, సర్టిఫికెట్ నంబరు, సర్టిఫికెట్ ఇచ్చింది ఎవరన్నది. మన కేంద్రం ఇచ్చిన కాగితమా, ప్రభుత్వ గుర్తింపు ఉన్నదా అన్నది తప్పకుండా వేరుచేసి రాయాలి. రెండింటికీ బయట ఉండే విలువ ఒకటి కాదు.

ఆరు నెలలకు, ఏడాదికి: ఏం చేస్తున్నారు, నేర్చుకున్న పనేనా, సొంతంగానా జీతానికా, నెలకు సుమారు ఎంత. దొరకనివారిని 'ఆచూకీ తెలియలేదు' అన్న గడిలోనే ఉంచాలి. వారిని పని ఉన్నవారిలోనో లేనివారిలోనో ఊహించి కలపకూడదు.

ఏడాదికొకసారి ఈ వివరాలను ఒక్క పేజీ పట్టికగా వేస్తే చాలు. చేరినవారు, పూర్తి చేసినవారు, ప్యాసైనవారు, పనిలో ఉన్నవారు, పై చదువులో ఉన్నవారు, ఆచూకీ తెలియనివారు. ప్రతి వరుసలో ఆడపిల్లలు వేరుగా, మగపిల్లలు వేరుగా. కింద రెండు మూడు వాక్యాల్లో ఈ ఏడాది ఏం నేర్చుకున్నాం, వచ్చే ఏడాది ఏం మారుస్తాం అని రాయాలి. అటువంటి పట్టిక మూడేళ్లు వరుసగా ఉంటే ఏ కోర్సు నడపాలి, ఏది ఆపాలి, ఎక్కడ బస్సు పాసులు ఇస్తే పిల్లలు నిలుస్తారు, ఏ వీధిలో మిషన్లు అప్పుగా ఇస్తే ఇళ్లు నిలదొక్కుకుంటాయి అన్నవి చర్చలతో పని లేకుండా తేలతాయి. ప్రభుత్వ పథకానికి దరఖాస్తు చేసినప్పుడు కూడా ఆ పట్టికే మన తరఫున మాట్లాడుతుంది.

ఇదంతా గుమాస్తా పని అని కొందరికి అనిపించవచ్చు. కానీ కోర్సు ముగిసిన ఆరు నెలలకు ఒక ఫోను వచ్చి, 'ఎలా ఉన్నావమ్మా, మిషన్ కుడుతున్నావా, ఏమైనా ఇబ్బంది ఉందా?' అని అడిగితే ఆ అమ్మాయికి అది లెక్క కాదు, పలకరింపు. తనను మరిచిపోలేదని ఆమెకు తెలుస్తుంది. మిషన్ చెడిపోయి మూలన పడి ఉందని ఆ ఫోనులో చెప్పితే, మరమ్మతు చేయించడానికి మనకు ఒక అవకాశం దొరుకుతుంది. వచ్చే సంచికకల్లా ఈ సొసైటీ శ్రేయోభిలాషులు నడిపే ప్రతి శిక్షణ కేంద్రం నుంచి అటువంటి ఒక్క పేజీ పట్టిక చూడాలని మేము ఆశిస్తున్నాము.